కిటికీ ఖాళీకి కూలి

ఇంటి యజమానికీ మేస్త్రీకీ తగాదా గోడలు లేచాక పుడుతుందని అందరూ అనుకుంటారు. కాదు. పునాది తవ్వకముందే, ఇద్దరూ నవ్వుకుంటూ చాయ్ తాగుతున్నప్పుడే పుడుతుంది. గోడలు లేచాక బయటికి వస్తుంది, అంతే.

సికింద్రాబాదులో ముప్ఫై ఏళ్ళకు పైగా ఇళ్ళ పనుల్లో తిరిగాను. మొదట సున్నం తట్ట మోశాను. తర్వాత కూలీల హాజరు రాశాను. ఆ తర్వాత కొలతలు పట్టి, ఇద్దరి మధ్యా కూర్చుని, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చే మనిషినయ్యాను. చదివింది మూడో తరగతి. ఇప్పుడు పనుల మీద నిలబడే పిల్లలు అప్పుడప్పుడు మల్కాజ్‌గిరికి వచ్చి నా దగ్గర కూర్చుంటారు. ఫలానా ఇంటాయన డబ్బు ఆపాడు, ఏం చేయాలి అమ్మమ్మా అంటారు. నువ్వు తీర్చిన తగాదాలు చెప్పు అంటారు. తీర్చినవి వింటే మీకు వచ్చేదేమీ లేదు. నేను పుట్టించినది ఒకటి ఉంది, అది చెబుతాను. పేర్లు మాత్రం అడగకండి. ఆ పేర్లవాళ్ళు ఇప్పుడు లేరు, వాళ్ళ పిల్లలున్నారు.

అది నిజాం రాజ్యానికి ఆఖరి ఎండాకాలం. నాకు పద్దెనిమిదో పంతొమ్మిదో. పద్మారావు నగర్ వైపు అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్నాయి. ఒకటి కట్టాక పక్కన రెండు జాగాలు ఖాళీ, మళ్ళీ ఒకటి. పొద్దున్నే పనికి పోతుంటే ఆ ఖాళీ జాగాల్లో ఎండిన గడ్డి తెల్లగా మెరిసేది. దూరంగా రైలు కూత వేసేది. మేము తొమ్మిది మందిమి, తలల మీద తట్టలు బోర్లించుకుని, ఇంకా నిద్ర వదలని కాళ్ళతో నడిచేవాళ్ళం. ఈ వయసులో కళ్ళు మూసుకుంటే ఆ రోజులన్నీ తెల్లగా కనిపిస్తాయి. సున్నం తెలుపో, నా కళ్ళ పొర తెలుపో చెప్పలేను.

మా మేస్త్రీ ముసలాయన. సన్నటి మనిషి, తెల్ల గడ్డం. ముసల్మాను, ఇంట్లోనూ తెలుగే మాట్లాడేవాడు. ఏ జెండా కిందికీ పోయినవాడు కాదు. ఆయనకు చదువు రాదు. చేత్తో గోడను తడిమి ఎక్కడ ఒక వేలు మందం వంగిందో చెప్పేవాడు. ఇటుక మీద ఇటుక పెట్టేటప్పుడు కళ్ళు సగం మూసుకునేవాడు. నిద్రపోతున్నాడా అనిపించేది. మేమంతా ఆయన్ను చాచా అనేవాళ్ళం. నాకు అక్షరాలు వచ్చని తెలిశాక తట్ట దింపించి, హాజరు పుస్తకం చేతికిచ్చినది ఆయనే. దాంతో నా కూలి ఒక అణా పెరిగింది.

ఇల్లు కట్టించేది రైల్వేలో గార్డుగా పనిచేసి దిగిపోయిన పెద్దాయన. రైలు దిగినా రైలు ఆయన్ను దిగలేదు. నల్లకోటు వేసుకునే పనికాడికి వచ్చేవాడు. జేబులో గొలుసు గడియారం, చేతిలో చిన్న నోటు పుస్తకం. ఇటుక బండి వస్తే టైం రాసుకునేవాడు, పోతే టైం రాసుకునేవాడు. ఇటుక, సున్నం, కలప ఆయనవి. మనుషులు, పనితనం చాచావి. కూలి గజం లెక్కన. గోడ ఎన్ని చదరపు గజాలు లేస్తే అన్ని గజాలకు. మొదటి రోజు చాయ్ తాగుతూ ఒప్పందం చేసుకున్నారు. చాచా చెప్పాడు, నేను రాశాను.

ఆయన మూడు మాటలు చెప్పాడు. గజానికి ఇంత. వారం వారం ఇంత ఇచ్చి మిగిలింది పని ముగిశాక ఇవ్వాలి. మూడోది, కొలత నిండు కొలత. అది అన్నప్పుడు గార్డు గారు గడియారం చూసుకుంటున్నాడు.

నిండు కొలత అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. గోడలో తలుపు ఉన్నా, కిటికీ ఉన్నా, ఆ ఖాళీని తీసేయకుండా గోడ నిండుగా ఉన్నట్టే కొలవడం. మా పనిలో అది తాతల నాటి పద్ధతి. ఖాళీ అంటే పని లేనట్టు కాదు. దాని రెండు అంచులూ నిలువుగా తీయాలి. పైన కమాను తిప్పాలి. ఒక్కో ఇటుకనూ చెక్కి ఒకవైపు సన్నగా చేయాలి. మామూలు గోడ కంటే ఎక్కువ పని.

నేను ఆ మూడో మాట రాయలేదు.

ఎందుకంటే కాగితం చాలలేదు. ఏదో దుకాణం చీటీ వెనక వైపు ఖాళీగా ఉంటే దాచుకున్నాను, దానిమీద రాశాను. రెండు మాటలకే నిండిపోయింది. సంతకాలకు జాగా కావాలి. ఇంకో కాగితం నా సంచిలో ఉంది, కానీ అది మంచి కాగితం, రెండు వైపులా ఖాళీ. ఈ మూడో మాట ఎవరికి తెలియదని దాన్ని పాడు చేయడం? సున్నం తడిపేవాళ్ళకు కూడా తెలుసు. చాచా బొటనవేలు వేశాడు, గార్డు గారు ఇంగ్లీషులో సంతకం చేశాడు. నేను చీటీ మడిచి గార్డు గారి చేతికిచ్చాను. కాగితం మిగిలిందని ఆ సాయంత్రమంతా సంతోషంగా ఉన్నాను.

వానాకాలం మొదలయ్యేసరికి ఇంటి గోడలన్నీ లేచాయి. వెనక ప్రహరీ కొంత, వీధి వైపు గదిలో ఒక్క పెద్ద కిటికీ మాత్రం మిగిలాయి. గార్డు గారి భార్య అక్కడ కూర్చుంటే దూరంగా రైళ్ళు కనిపించాలని అడిగిందట. దాని చౌకట్టు కలప రావడం ఆలస్యమైంది. రెండు పక్కలా గోడ లేచి, పైన కమాను లేక, ఆ చోటు ఆకాశంలోకి తెరుచుకుని ఉండేది. ఆమె రోజూ ఒకసారి వచ్చి, ఆ రెండు గోడల మధ్య నిలబడి చూసి పోయేది. మేఘాలు నడిచిపోతుంటే ఇల్లే నడుస్తున్నట్టు ఉండేది.

కప్పు వేరేవాళ్ళకు గుత్తకిచ్చారు. అది మొదలయ్యేలోపు గోడల లెక్క తేల్చుకుందామని ఒక పొద్దున చాచా గజం కర్ర పట్టాడు. ఆయన కొలుస్తూ పైకి చెబుతుంటే నేను రాస్తున్నాను. వంటింటి తలుపు దగ్గరికి వచ్చి, కర్రను ఈ గోడ నుంచి ఆ గోడకు ఖాళీ మీదుగా వేశాడు.

గార్డు గారు కుర్చీలోంచి లేచాడు. "ఆగు మేస్త్రీ. గోడను కొలుస్తున్నవా, గాలిని కొలుస్తున్నవా?"

చాచా నవ్వాడు. "రెండూ సాబ్."

"నవ్వులాట కాదు. అక్కడ ఇటుక ఉందా?"

"ఇటుక లేదు, పని ఉంది. నిండు కొలత గద సాబ్, మాట అయ్యింది."

"చీటిల ఉందా?" ఆయన నోటు పుస్తకంలోంచి చీటీ తీసి రెండుసార్లు చదివాడు. "లేదు. ఎక్కడుందో చూపియ్యి."

చాచా నా వైపు చూశాడు. నేను సున్నం తొట్టి వైపు చూశాను. అప్పుడే నోరు విప్పి ఉంటే ఇది మీకు చెప్పాల్సిన పని ఉండేది కాదు. మేస్త్రీ చెప్పాడు, నేను రాయలేదు అని ఒక్క ముక్క. పెరిగిన అణా పోతుందేమోనని, పుస్తకం తీసుకుని మళ్ళీ తట్ట ఇస్తాడేమోనని నోరు పెగల్లేదు.

గార్డు గారి ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం తగ్గించాడు. "ఈ రోజులల్ల మీరు ఏది అడిగినా ఇయ్యాలె గద. గాలికి సుత ఇయ్యాలె."

చాచా చేతిలో కర్ర ఆగిపోయింది. "రోజుల ముచ్చట ఎందుకు తీస్తున్నరు సాబ్? కొలత ముచ్చట చెప్పున్రి."

"నా దగ్గర చెప్పెటిది లేదు. తలుపులు, కిటికీలు తీసేసి కొలువు. అప్పుడు ఆఖరు పైసలు ఇస్త. అంతదాక ఒక్క పైసా లేదు."

అవి ఎలాంటి రోజులో మీరు పుస్తకాల్లో చదివి ఉంటారు. రజాకార్ల లారీలు బజారులో తిరుగుతున్న రోజులు. చాచా గడ్డాన్ని, టోపీని చూసి ఆ పెద్దాయన ఏమనుకున్నాడో నాకు అప్పుడే అర్థమైంది. తాతల నాటి కొలత ఆయనకు బెదిరింపులా వినిపించింది. చాచాకు అది అర్థమై, కర్ర భుజాన పెట్టుకుని, బయటికి నడిచాడు. తేడా నలభై రూపాయల పైచిలుకు, అప్పటి నిజాం నాణెం హాలీ సిక్కాలో. ఆ నలభై కోసం ఆఖరి సొమ్మంతా ఆగింది. మా తొమ్మిది మంది మూడు వారాల కూలి అందులోనే ఉంది.

మాతో పనిచేసే ఒకామె ఉండేది, వరసకు నాకు వదిన. నోరు మంచిది కాదు, మనసు మంచిది. దారిలో నన్ను మోచేత్తో పొడిచింది. "ఏందే, చదువుకున్నదానివి, చీటిల ఏం రాసినవే?"

"రాయాల్సింది రాసిన."

"మరి మూతి గట్ల పెట్టినవేంది, పచ్చి చింతకాయ కొరికినట్టు?"

నడక పెంచాను.

పని ఆగింది. గార్డు గారు ఇంకో మేస్త్రీని పిలిచాడు. ఆయన వచ్చి, సగం కిటికీని చూసి, ఇది ఎవరి చెయ్యి అని అడిగి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఒక మేస్త్రీ లెక్క తెగనిదే వాడి గోడ మీద ఇంకో మేస్త్రీ తాపీ పెట్టడు. అది కూడా మా పద్ధతే. ఇద్దరు ముగ్గురు వచ్చి అలాగే పోయారు. ఇల్లు కప్పు లేకుండా వానలో తడుస్తూ నిలబడింది.

అంతలో పోలీసు చర్య వచ్చింది. మా వాడలో తలుపులు వేసుకుని కూర్చున్నాం. ఆకాశంలో విమానాలు, కింద కుక్క కూడా మొరగని నిశ్శబ్దం. తర్వాత తిరుమలగిరి వైపు నుంచి మిలిటరీ బండ్లు వరసగా వచ్చాయి, జనం రోడ్ల మీదికి ఉరికారు, ఎవరో అందరికీ బెల్లం పంచారు. నా చేతిలోనూ ఒక ముక్క పెట్టారు. అది నోట్లో వేసుకుని చాచా వాడ వైపు చూశాను. ఆ వైపు ఒక్క కిటికీ కూడా తెరిచి లేదు.

నాలుగైదు రోజులాగి వెళ్ళాను. చాచా అరుగు మీద కూడా కూర్చోలేదు, లోపల చీకట్లో ఉన్నాడు. ఆయన భార్య చేతులకు వెండి కడియాలు లేవు. మా తొమ్మిది మందిలో ఐదుగురికి అప్పటికే ఆయన కూలి ఇచ్చేశాడని, ఆ కడియాలతో ఇచ్చాడని వదిన దారిలో చెప్పింది.

"చాచా, గార్డు సాబు దగ్గరికి పోదాం. పైసలు అడుగుదాం" అన్నాను.

"ఇప్పుడు నై బిడ్డా." ఆయన మెల్లగా మాట్లాడాడు. "మొన్న అడిగితే బెదిరిస్తున్ననని అనుకున్నడు. ఇయ్యాల అడిగితే ఏమనుకుంటడో అల్లాకు ఎర్క. కొలత అదే. నేను సుత అదే. రోజులు తిరిగినయ్, అంతే."

"మరి కడమ పైసలు?"

"నలుగురి కూలి బాకీ ఉంది గద. జెర ఆగమను. గజం కర్ర, తాపీలు, తాడు గుండు అన్నీ అమ్మి ఇస్త."

తాపీ అమ్మిన మేస్త్రీ మళ్ళీ మేస్త్రీ కాడు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా నేను చేసిన తప్పు నోటికి రాలేదు. చింతచెట్టు ఎక్కినవాడిలా పైకి పోవడమే గాని దిగే దారి కనపడలేదు.

పనికాడ మా తట్టలు కొన్ని ఉండిపోయాయి. మర్నాడు తెచ్చుకుందామని వెళ్ళాను. గార్డు గారు కప్పులేని ముందు గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చినుకులు పడుతున్నా గొడుగు విప్పలేదు. అదే వీధిలో ఉండే ఒకాయన ఆయన పక్కన నిలబడి ఉన్నాడు. నేను గోడ అవతల ఉన్నానని వాళ్ళు చూడలేదు.

"ఒక్క మాట చెప్పు గార్డు సాబ్, చాలు" అంటున్నాడు ఆ వీధి ఆయన. "ఆ ముసలోడు రజాకార్లకు అన్నం పెట్టిండని అను. జీపు వచ్చి తీస్కపోతది. మళ్ళ పైసలు అడిగెటోడే ఉండడు. ఇంకో మేస్త్రీ సుత మాట్లాడకుండ పని పడతడు."

గార్డు గారు అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. నోటు పుస్తకం తెరిచి, మూశాడు. ఆ మనిషి వెళ్ళిపోయాడు.

తట్టలు అక్కడే వదిలేసి, నేను వాకిట్లోంచి లోపలికి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఇప్పటికీ ఆ గది తలచుకుంటే గోడలు నాలుగూ నీళ్ళలో నిలబడ్డట్టు మెల్లగా ఊగుతాయి.

"సాబ్, తప్పు నాది" అన్నాను. "మేస్త్రీ మూడు మాటలు చెప్పిండు. నేను రెండే రాసిన. నిండు కొలత అని చెప్పిండు, నేను రాయలే."

ఆయన నోటు పుస్తకంలోంచి చీటీ తీశాడు. "ఎందుకు రాయలే?"

"కాయితం చాలలే."

"ఇంకో కాయితం లేదా?"

"ఉండె. మంచి కాయితం. వేస్టు అయితదని తీయలే. అందరికి ఎర్కున్న ముచ్చటే గద అనుకున్న."

"అందరికీ అంటే ఎవరికి?" ఆయన గొంతు లేచింది. "నీకు ఎరుక, మీ మేస్త్రీకి ఎరుక. నాకెట్ల ఎరుక పిల్లా? నేను రైలు వెనక పెట్టెల కూసున్నోన్ని. జిందగీల ఇది ఒక్కటే ఇల్లు కడుతున్న. సిగ్నల్ పడితే ఏమైతదో నీకు ఎరుకనా? అట్లనే మీరొచ్చి తాతల నుంచి వచ్చిన పద్ధతి అని చెప్తే నేనేం అనుకోవాలె?"

ఈ ప్రశ్న ముప్ఫై ఏళ్ళలో నేను ఎన్ని ఇళ్ళలో మళ్ళీ మళ్ళీ విన్నానో లెక్క లేదు. వినగానే అది న్యాయమైన ప్రశ్న అనిపించింది. అందుకే భయం కొంచెం తగ్గింది.

"చూపిస్త సాబ్. కిటికీకి ఎంత పని ఉంటదో కండ్లార చూడున్రి. గడియారం పెట్టుకుని చూడున్రి."

గడియారం అనగానే ఆయన చెయ్యి జేబులోకి పోయింది. ఒక షరతు పెట్టాడు. వెనక ప్రహరీలో ఇంకొంత ఉత్త గోడ మిగిలి ఉంది. అందులో కిటికీ అంత మేర ఒకటి కొలిచి కట్టాలి, దానికి ఎంతసేపు పడుతుందో రాస్తాడు. తర్వాత కిటికీ ముగించాలి, దానికి ఎంతసేపో రాస్తాడు. మనుషులు అంతే, సున్నం అంతే. "ఖాళీకి పని తక్కువైతే ఒక్క పైసా ఇయ్య. పోయి మీ మేస్త్రీని పిలువు."

"ఆయన రాడు సాబ్. భయపడుతున్నడు."

పెద్దాయన తల దించుకున్నాడు. "భయమెందుకు" అని అడగలేదు. ఆపైన, "నేను ఎవ్వరితోటి ఏం చెప్పలే. చెప్ప. అని చెప్పు" అన్నాడు.

చాచా ఇంటికి పరుగెత్తాను. ఆ మాట చెప్పాను. ఆయన కదల్లేదు. గడియారం సంగతి చెప్పాను, నవ్వి ఊరుకున్నాడు. చివరికి, "చాచా, కిటికీ పక్క గోడలు పైనుంచి నానుతున్నయ్. అంచు ఇటుకలు రెండు కదిలినయ్" అన్నాను. అది అబద్ధం కాదు. ఆయన లేచి, మూలనున్న తాపీని తీసి, అంచును బొటనవేలితో తుడిచాడు.

మర్నాడు వాన వెలిసింది. పని మొదలైంది. గార్డు గారు నల్లకోటు వేసుకుని, కుర్చీ ప్రహరీ పక్కన వేసుకుని, గడియారం మూత తెరిచి తొడ మీద పెట్టుకున్నాడు. ఆయనకూ చాచాకూ మాట లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వదినకు అలాంటి నిశ్శబ్దం పడదు.

"గార్డు సాబ్, నేను నీళ్ళు తాగనీకి పోతున్న. ఎన్ని నిమిషాలు రాస్తరు?"

"నీళ్ళకు రాయ. నీ ముచ్చట్లకు రాస్త."

"అట్లయితే ఇంకో పుస్తకం తెచ్చుకోవాలె మీరు."

చాచా భుజాలు కదిలాయి. నవ్వాడని వెనక నుంచి చూసి తెలుసుకున్నాను. ఉత్త గోడ పొద్దు నడినెత్తికి రాకముందే అయిపోయింది. గార్డు గారు రాసుకున్నాడు. కుర్చీ ముందు గదిలోకి మారింది.

తర్వాతి రెండు రోజులూ నాకు కలలాగే గుర్తున్నాయి. ఈలోపు వచ్చిన చౌకట్టు నిలబెట్టి, తాడు గుండు వదిలి నిలువు చూడటం, మళ్ళీ చూడటం. పైన కమాను ఆకారంలో చెక్క చట్రం బిగించడం, ఆ చట్రం మీద ఇటుకలు పేర్చుతారు, సున్నం గట్టిపడ్డాక దాన్ని తీసేస్తారు. ఒక్కో ఇటుకనూ చాచా ఒడిలో పెట్టుకుని చెక్కేవాడు. టక్ టక్ మని సన్నటి చప్పుడు, ఎర్రటి పొడి గాల్లో లేచి ఎండలో ఆగేది. అరిగిన ఇటుకను కమాను మీద పెట్టి చూసి, తీసి, ఇంకొంచెం చెక్కి, మళ్ళీ పెట్టేవాడు. గార్డు గారు మొదట గడియారం చూసి ఇటుక చూసేవాడు. రెండో రోజుకు ఇటుకనే చూడటం మొదలుపెట్టాడు. ఒకసారి కుర్చీ దగ్గరికి జరుపుకుని, "అది ఎందుకు పనికిరాలే?" అని అడిగాడు.

"ఒక గింజంత లావుంది సాబ్."

"గింజంత ఉంటే ఏమైతది?"

"ఇది నెట్టితే పక్కది జరుగుతది. అది జరిగితే దాని పక్కది. అన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగి నిలబడ్డయ్ గద. ఒక్కటి సుత తన జాగ తప్పొద్దు."

ఇద్దరి మధ్యా నెలల తర్వాత వచ్చిన మొదటి మాటలు అవి.

రెండో రోజు పొద్దు వాలుతుండగా, మధ్యలో పెట్టే ఆఖరి ఇటుక దిగింది. గార్డు గారు పుస్తకంలో లెక్క కూడాడు. మళ్ళీ కూడాడు. పుస్తకం మూసి, గడియారం మూత మూశాడు. "చట్రం ఎప్పుడు తీస్తరు?" అని మాత్రం అడిగాడు. ఎండ ఉంటే పది రోజులన్నాడు చాచా.

ఆ పది రోజులు నాకు ఎంత పొడుగో చెప్పలేను. డబ్బు ఇస్తానని ఆయన అనలేదు. వీధిలో ఆ మనిషి నన్ను చూసినప్పుడల్లా నవ్వేవాడు. జీపు చప్పుడు ఎక్కడ వినబడినా చాచా వాడ వైపు పరుగెత్తి చూసి వచ్చేదాన్ని. చాచా మాత్రం రోజూ పొద్దున, సాయంత్రం వచ్చి, కమాను మీద నీళ్ళు చిలకరించి, తడి గోనె కప్పి పోయేవాడు.

చట్రం తీసే రోజు అందరం వచ్చాం. గార్డు గారి భార్య కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. కమాను తిప్పిన మేస్త్రీయే దాని కింద నిలబడి చట్రం తీయాలి, ఇంకొకరిని నిలబెట్టకూడదు. చాచా కింద నిలబడి, మేకులు ఒక్కొక్కటీ వదులు చేశాడు. ఆఖరి చెక్క లాగినప్పుడు పైనుంచి కొంచెం సున్నం పొడి ఆయన గడ్డం మీద రాలింది. కమాను కదల్లేదు. చెక్క పక్కకు తీయగానే కిటికీలోంచి వెలుగు ఒక్కసారిగా నేల మీద పడింది. ఆమె నడిచి వచ్చి, ఆ వెలుగులో నిలబడి, బయటికి చూసింది.

గార్డు గారు నా వైపు తిరిగాడు. "ఉత్త గోడకు పూట సుత పట్టలే. దీనికి రెండు దినాలు. లెక్క నాకు అర్థమైంది. అయితే చీటిల లేనిదాన్ని నేను ఇయ్యలేను. జిందగీల కాయితం లేకుండ ఒక్క బండిని సుత కదిలియ్యలే. రాయి."

"ఏం రాయాలె సాబ్?"

"చీటి మళ్ళ మొదటి నుంచి. మూడు మాటలూ. మంచి కాయితం మీద."

సంచిలోంచి ఆ కాగితం తీశాను. నేల మీద కూర్చుని, ఆ వెలుగు చాలినంత మేర, మూడు మాటలూ రాశాను. గజానికి ఇంత. వారం వారం ఇంత. కొలత నిండు కొలత, తలుపు ఉన్నా కిటికీ ఉన్నా. ఈసారి అక్షరాలు పెద్దగా రాశాను. వదిన వెనక నుంచి, "జాగ ఉంటె నా పేరు సుత రాయే" అన్నది. గార్డు గారు చదివి, సంతకం పెట్టి, కోటు లోపలి జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టి, చాచా చేతిలో పెట్టాడు. నలభై పైచిలుకు కూడా అందులో ఉంది. ఒక్క అణా తగ్గలేదు. "మేస్త్రీ, ఆ వీధి మనిషి మళ్ళ వస్తే నేను జవాబు చెప్త" అన్నాడు. ఏ మనిషో చాచా అడగలేదు.

చాచా ముందు మిగిలిన నలుగురికీ కూలి ఇచ్చాడు. తర్వాత బొటనవేలు వేయడానికి నా పక్కన కూర్చున్నాడు. కాగితాన్ని చేతిలోకి తీసుకుని, చదువు రాని ఆ కళ్ళతో పైనుంచి కిందికి చూశాడు, గోడను చూసినట్టు.

"ఇప్పుడు పొడుగు సరిపోయింది" అన్నాడు.

కలం కింద పెట్టాను. "చాచా, నీకు అప్పుడే ఎర్కనా?"

"మూడు మాటలు చెప్తే రెండు వరసలు లేస్తయా బిడ్డా? కొలత పట్టెటోన్ని, అంత సుత తెల్వదా?"

"మరి వేలు ఎందుకేసినవ్?"

ఆయన సిరాలో బొటనవేలు అద్ది, కాగితం మీద మెల్లగా ఒత్తాడు.

"నువ్వు రాసినవు గద" అన్నాడు.

నేను తట్ట తీసుకుని, కిటికీ కింద రాలిన సున్నం పెళ్లలు ఏరడానికి లేచాను.